వాల్డెమార్ యుంగ్నర్

మన కోట్‌పల్లి జలాశయం వర్షాకాలంలో నిండి, పొలాలకు నీరిచ్చి, మరుసటి ఏడు మళ్ళీ నిండుతుంది. విద్యుత్తును కూడా ఇలాగే నింపుకొని, వాడుకొని, తిరిగి నింపుకొనే సాధనం కోసం శ్రమించిన మహనీయుడు వాల్డెమార్ యుంగ్నర్.

ఆయన 1869లో స్వీడన్ దేశంలో ఒక క్రైస్తవ మతాచార్యుని ఇంట జన్మించాడు. ఉప్సలా విశ్వవిద్యాలయంలో విద్యాభ్యాసం చేశాడు. ఆ రోజులలో తిరిగి ఛార్జి చేయగల బ్యాటరీ అంటే సీసపు పలకలూ గంధకామ్లమూ గల బరువైన పెట్టె. యుంగ్నర్ ఆమ్లాన్ని విడిచి క్షారద్రావణాన్ని చేపట్టి, 1899లో నికెల్-కాడ్మియం బ్యాటరీని రూపొందించాడు. అమెరికాలో ఎడిసన్ కూడా క్షార బ్యాటరీల పైనే కృషి చేస్తున్నాడు. సంపన్నుడైన ఆ ప్రత్యర్థితో ఏర్పడిన పేటెంటు వివాదం యుంగ్నర్‌కు పెనుభారమైంది. అయినా ఆయన వెనుదీయక 1906లో ఆస్కర్స్‌హామ్న్ సమీపాన కర్మాగారం నెలకొల్పాడు. 1924లో పరమపదించాడు.

ఆయన కృషి అంతటితో ముగియలేదు. 1947 నాటికి ఆ బ్యాటరీని పూర్తిగా మూసివేసి, చిన్నదిగా చేసే విధానం సిద్ధించింది. 1958 అక్టోబరు 8న స్టాక్‌హోమ్‌లో వైద్యుడు సెన్నింగ్, ఇంజనీరు ఎల్మ్‌క్విస్ట్ తయారుచేసిన పేస్‌మేకర్‌ను ఆర్నె లార్సన్ అనే రోగి శరీరంలో అమర్చాడు. మానవదేహంలో పూర్తిగా ఇమిడిన మొదటి పేస్‌మేకర్ అదే. అందులోని రెండు చిన్న నికెల్-కాడ్మియం బ్యాటరీలను చర్మం వెలుపలి నుండే ఛార్జి చేసేవారు. ఆ పరికరం కొన్ని గంటలే పనిచేసింది. వెంటనే మరొకటి అమర్చారు. జీవితకాలంలో ఇరవైకి పైగా పేస్‌మేకర్లు మార్చుకొన్న లార్సన్, 2001లో 86వ ఏట మరణించాడు.

తరువాతి కాలంలో పేస్‌మేకర్లలో లిథియం బ్యాటరీలు వచ్చాయి. కాడ్మియం విషపదార్థమని లోకం గ్రహించి దాని వాడకాన్ని తగ్గించింది. అయినా తొలి అడుగు విలువ తరగదు. విద్యార్థులారా! తాను నాటిన చెట్టు ఫలాన్ని యుంగ్నర్ చూడలేదు. చూడనంత మాత్రాన ఆ శ్రమ వృథా కాలేదని లార్సన్ జీవితమే సాక్ష్యం.