రోగమూలాన్వేషకుడు సర్ రాబర్ట్ మెకారిసన్

వ్యాధి వచ్చిన పిమ్మట ఔషధమిచ్చుట వైద్యుని నిత్యకృత్యము. ఆ వ్యాధి యేల వచ్చెనో కనుగొని, మరల రాకుండ జేయుట వైద్యవిద్యకు పరమార్థము. ఈ రెండవ మార్గమున జీవితమంతయు నడచినవారిలో సర్ రాబర్ట్ మెకారిసన్ ప్రత్యేకముగా పేర్కొనదగినవాడు. ఆయన ఐర్లండు దేశీయుడైనను, ఆయన కృషి భారతదేశముననే ఫలించెను.

మెకారిసన్ 1878 మార్చి 15వ తేదీన పోర్టడౌన్ పట్టణమున జన్మించెను. బెల్ఫాస్టులో వైద్యశాస్త్రము నభ్యసించి, 1901లో ఇండియన్ మెడికల్ సర్వీసున చేరి ఈ దేశమునకు వచ్చెను. 1904 మొదలు 1911 వరకు హిమాలయముల కావల గిల్గిత్ ప్రాంతమున వైద్యాధికారిగా పనిచేసెను.

అక్కడ గళగండవ్యాధి మెండు. ఒకే నీటికాలువ వెంబడి యెనిమిది గ్రామము లొకదాని దిగువ నొకటి యుండెను. ఎగువ గ్రామమున నూటికి పన్నెండుగురకు, దిగువ గ్రామమున నూటికి నలువదియైదుగురకు పైగా ఆ వ్యాధి యున్నట్లు ఆయన లెక్కించెను. కాలువ నీటియందే కారణమున్నదని తలచి, ఆ నీటిలోని మడ్డిని తానే త్రాగి చూచెను. ఆయన కంఠము వాచెను. మడ్డిని మరగించి త్రాగినవారికి వాపు రాలేదు. అయోడిను లోపమే ఈ వ్యాధికి ముఖ్యకారణమని తరువాతి శాస్త్రము నిర్ణయించినది. అయినను, రోగి కంఠముతో తృప్తిపడక, అతని నేలను, నీటిని, నివాసమును పరిశీలించిన ఆ దృష్టి విలువైనది.

గిల్గిత్ చేరువనే హుంజా లోయ కలదు. అచటి ప్రజల దేహదార్ఢ్యము ఆయనను ఆశ్చర్యపరచెను. గోధుమలు, బార్లీ, కూరగాయలు, ఆప్రికాటు పండ్లు, కొలదిపాటి పాలు వారి యాహారము. జనులు రోగగ్రస్తు లగుట కేమి కారణమని గాక, వీరు ఆరోగ్యవంతు లగుట కేమి కారణమని ఆయన ప్రశ్నింపసాగెను.

ఈ ప్రశ్నతో 1918లో నీలగిరులలోని కూనూరు చేరి, పాశ్చరు సంస్థయందు ఆహారలోపములనుగూర్చి పరిశోధన ప్రారంభించెను. 1923లో ప్రభుత్వము పొదుపు పేరిట ఆ పరిశోధనను నిలిపివేసెను. ఆయన నిరుత్సాహపడలేదు. 1925లో పని మరల సాగెను.

కూనూరులో ఆయన మన దేశములోని వివిధ ప్రాంతీయుల భోజనములను ఎలుకలకు పెట్టి పరీక్షించెను. గోధుమరొట్టె, పాలు, వెన్న, పప్పు, పచ్చికూరలు గల పంజాబు సిక్కుల భోజనము తిన్న యెలుకలు అన్నిటికన్న బాగుగ పెరిగెను. మదరాసీల బియ్యపు భోజనము తిన్నవి అన్నిటికన్న వెనుకబడెను. లోపభూయిష్టమైన యాహారము తిన్నవానికి ఊపిరితిత్తులు, జీర్ణకోశము మున్నగు పెక్కు అవయవములు చెడెను. రోగములు పెక్కైనను మూల మొక్కటే కావచ్చునని దీనివలన తేటపడెను.

ఈ విషయమున ఆంధ్రులకు మిక్కిలి సన్నిహితమైన సంగతి యొకటి కలదు. ఆ కాలమున ఉత్తర సర్కారు జిల్లాలలో బెరిబెరి వ్యాధి ప్రబలియుండెను. తవుడునందలి పోషకము లోపించుటవలన ఈ వ్యాధి కలుగునని అంతకుముందే జావాలో సూచన లభించినది. మెకారిసన్ నారిస్ అను రసాయనశాస్త్రజ్ఞునితో కలిసి మన దేశపు బియ్యమునకును ఈ వ్యాధికిని గల సంబంధమును పరిశీలించి, 1924లో గ్రంథము ప్రకటించెను. ఉప్పుడుబియ్యము తిను తమిళ ప్రాంతములలో ఈ వ్యాధి అరుదు. మరపట్టిన తెల్లని పచ్చిబియ్యమును పలుమార్లు కడిగి, గంజి వార్చి తిను మన జిల్లాలలో అది హెచ్చు. బియ్యము తెల్లబడిన కొలది తినువాని బలము తగ్గెను. ఆ బలము తవుడుగా పశువుల తొట్టిలో చేరెను.

1933లో ఆయనకు సర్ బిరుదము లభించెను. 1935లో ఉద్యోగవిరమణ చేసి స్వదేశమున కేగి, 1960 మే 18వ తేదీన ఆక్స్‌ఫర్డులో కీర్తిశేషుడయ్యెను. ఆయన నెలకొల్పిన కూనూరు పరిశోధనశాల 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థగా పేరొందినది. ఒకనాడు అనవసర వ్యయమని యెంచబడిన ఆ చిన్న ప్రయత్నము నేడు తెలుగునేలపై మహావృక్షమై నిలిచియున్నది. ఔషధశాలకు పోవుటకు ముందు వంటయింటిని పరికింపుమనునదే ఆయన జీవితము మనకు నేర్పు పాఠము.