ఫోలిక్ యాసిడ్ వెనుక మన భీమవరం డాక్టరు

గర్భిణులకు ఆస్పత్రిలో ఇచ్చే ఐరన్ మాత్రలో ఫోలిక్ యాసిడ్ కూడా ఉంటుందని మనకు తెలుసు. దాన్ని ప్రయోగశాలలో తయారుచేయించింది మాత్రం మన తెలుగు డాక్టరే అని ఎంతమందికి తెలుసు? ఆయనే యల్లాప్రగడ సుబ్బారావు.

1895లో భీమవరంలో పుట్టారు. చిన్నప్పుడు డబ్బు సంపాదిస్తానంటూ కాశీకి బయల్దేరితే తల్లి వెంకమ్మ వెనక్కి తెచ్చి చదువులో పెట్టింది. తర్వాత స్ప్రూ అనే విరేచనాల జబ్బుతో ఇద్దరు సోదరులు కొద్దిరోజుల తేడాలో పోయారు. ఆ దెబ్బ ఆయన మరచిపోలేదు.

మద్రాసులో వైద్యం చదివి, మామగారి సాయంతో అమెరికా చేరారు. అక్కడ పొట్టకూటికి ఆస్పత్రిలో రాత్రి పని చేస్తూనే హార్వర్డ్‌లో పరిశోధన సాగించారు. ఇక్కడ భార్య శేషగిరికి పుట్టిన కొడుకు పసితనంలోనే కన్నుమూశాడు. తండ్రి ఆ బిడ్డ ముఖమైనా చూడలేదు.

బొంబాయి గర్భిణుల్లో ఒకరకం రక్తహీనత ఈస్టుతో తగ్గుతుందని 1931లో డాక్టర్ లూసీ విల్స్ చూపారు. అందులోని మేలు ఫోలిక్ యాసిడ్‌దేనని తర్వాత తేలింది. 1945లో లెడర్లీ కంపెనీలో సుబ్బారావుగారి బృందం దాన్ని తయారుచేసింది. సోదరుల్ని మింగిన స్ప్రూకీ అదే మందయింది!

బిడ్డ వెన్నుపాము లోపాలను ఇది చాలావరకు ఆపుతుందని 1991లో రుజువైంది. అందుకే బిడ్డ కావాలనుకున్నప్పుడే డాక్టరునడిగి మొదలుపెట్టాలి.

1948లో, 53వ ఏట ఆయన అమెరికాలోనే పోయారు. పాతికేళ్ళు ఎదురుచూసిన శేషగిరిగారు భర్తను మళ్ళీ చూడనేలేదు. ఎందరో తల్లుల కడుపు చల్లగా ఉండటంలో ఆ ఇల్లాలి త్యాగమూ ఉంది.