గగన వీరుడు అమెత్‌ఖాన్ సుల్తాన్

రెండో ప్రపంచ యుద్ధంలో ఎర్రసైన్యం తరఫున లక్షలాది ముసల్మానులు పోరాడారు. మన పిల్లల పాఠ్యపుస్తకాల్లో వారి ప్రస్తావన పెద్దగా కనిపించదు. వారిలో ఒకరు, ‘సోవియట్ యూనియన్ వీరుడు’ అనే అత్యున్నత బిరుదును రెండుసార్లు అందుకున్న యుద్ధ విమాన చోదకుడు అమెత్‌ఖాన్ సుల్తాన్. ఆయన జీవిత విశేషాలను ఈ శుక్రవారం పాఠకుల ముందుంచుతున్నాం.

నల్లసముద్రపు ఒడ్డున, క్రిమియాలోని అలూప్కా అనే చిన్న ఊరిలో 1920 అక్టోబరు 20న ఆయన జన్మించారు. తండ్రి దాగెస్తాన్ కొండల్లోని లాక్ జాతివారు, తల్లి క్రిమియా తాతారు. రెండూ ముస్లిం జాతులే. సింఫరోపోల్ రైల్వే షెడ్డులో ఫిట్టరు పని చేస్తూనే ఆయన ఫ్లయింగ్ క్లబ్బులో చేరారు. 1940లో కాచా సైనిక విమాన పాఠశాల నుంచి పట్టా పుచ్చుకున్నారు. మరుసటి ఏడు జూన్ 22న జర్మనీ దండెత్తిన రోజునే, జంట రెక్కల పాతకాలపు ‘చైకా’ విమానంలో యుద్ధంలోకి దిగారు.

ఆయన పేరు దేశమంతటా మారుమోగింది 1942 మే 31న. వోల్గా నది ఒడ్డునున్న యారొస్లావ్ల్ నగరం మీదికి జర్మన్ల జంకర్స్-88 బాంబర్ ఒకటి వచ్చింది. అమెత్‌ఖాన్ నడుపుతున్నది బ్రిటన్ పంపిన హరికేన్. తూటాలన్నీ పేల్చినా బాంబర్ కూలలేదు. కింద నగరం. తుపాకీ ఖాళీ. అప్పుడు ఆయన తన విమానం రెక్కతోనే శత్రు విమానాన్ని ఢీకొట్టారు. రష్యన్లు దీన్ని ‘తరాన్’ అంటారు. చేసినవారంతా చావకపోయినా, బతుకుతామన్న లెక్కతో ఎవరూ చేసే పని కాదది. బాంబర్ కూలింది. గాయపడిన అమెత్‌ఖాన్ పారాచూట్‌తో దూకి బతికి బయటపడ్డారు. అప్పటికి ఆయన వయసు 21 ఏళ్లు. కూలిన జంకర్స్ శకలాలను నగరం నడిబొడ్డున జనం చూడటానికి ఉంచారు.

ఆ తర్వాత స్టాలిన్‌గ్రాడ్. ఎంపిక చేసిన చోదకులతో నడిచే 9వ గార్డ్స్ రెజిమెంటులో ఆయనకు చోటు దక్కింది. 1943 ఆగస్టులో మొదటిసారి వీరుడి బిరుదు వచ్చింది. 1945 ఏప్రిల్ 29న బెర్లిన్ మీద ఆయన చివరి శత్రు విమానాన్ని కూల్చారు. మొత్తం 603 సార్లు యుద్ధానికి ఎగిరి, స్వయంగా 30 విమానాలు, సహచరులతో కలిసి మరో 19 కూల్చారు. రెండో బిరుదు ఆ ఏడు జూన్‌లో వచ్చింది.

అంకెలు అలా ఉంచి, 1944 మే నెలకు వెళదాం. క్రిమియా విముక్తి పోరులో అమెత్‌ఖాన్ రెజిమెంటు కూడా పాల్గొంది. మే 9న సెవస్తోపోల్ జర్మన్ల చెర నుంచి బయటపడింది. సరిగ్గా తొమ్మిది రోజులకు, మే 18 తెల్లవారుజామున, స్టాలిన్ ఆజ్ఞతో రహస్య పోలీసులు తాతారుల ఇళ్ల తలుపులు తట్టారు. జర్మన్లకు సాయపడ్డారన్నది జాతి మొత్తం మీద మోపిన నేరం. పసిబిడ్డలు, ముసలివారు సహా దాదాపు 1,90,000 మందిని గూడ్సు పెట్టెల్లో కుక్కి ఉజ్బెకిస్తాన్‌కూ ఇతర ప్రాంతాలకూ తరలించారు. వేలాదిమంది దారిలోనూ, ప్రవాసంలోనూ ప్రాణాలు విడిచారు. ఎర్రసైన్యంలో పోరాడి యుద్ధానంతరం తిరిగొచ్చిన తాతారు సైనికులకూ అదే గతి పట్టింది. ఆ రోజుల్లో సెలవు మీద అలూప్కాలోనే ఉన్న అమెత్‌ఖాన్ ఇదంతా కళ్లారా చూశారు. ఆయన హోదా పుణ్యమా అని తల్లిదండ్రులు మాత్రం రైలెక్కలేదు.

ఆ తర్వాత కూడా ఆయన ఏడాదిపాటు అదే సైన్యంలో, అదే జెండా కింద పోరాడారు. గుండెలో ఏముందో మనం ఊహించగలమే తప్ప చెప్పలేం.

1947 నుంచి ఆయన మాస్కో సమీపంలోని జుకోవ్‌స్కీలో పరీక్షా చోదకుడు. దాదాపు వంద రకాల విమానాలు నడిపారు. 1951లో ‘కొమేత’ క్షిపణికి మనిషి నడిపే నమూనా తయారైతే, పెద్ద విమానం రెక్క కింద నుంచి దాన్ని గాలిలో వదలగా నడిపి దించినవారిలో ఆయన ఒకరు. ఆ ప్రయోగాలు జరిగింది క్రిమియాలోనే. తనవారు అడుగుపెట్టరాని గడ్డ మీదుగా ఎగిరినందుకు ఆయనకు దక్కిన బహుమతి పేరు స్టాలిన్ బహుమతి! 1958లో ఆకాశంలో తోటివాడి సీటు కింది మందుగుండు పేలి, కాక్‌పిట్ అంతా ఇంధనంతో నిండింది. ఆ సహచరుడు దూకలేని స్థితిలో చిక్కుకుపోయాడు. అమెత్‌ఖాన్ తానొక్కరే దూకి బయటపడవచ్చు. కాని ఆయన విమానాన్ని నేలకు దించి అతడిని కాపాడారు.

తాతారులకు న్యాయం చేయాలని కోరుతూ 1956లో ప్రభుత్వ పెద్దలకు వెళ్లిన లేఖపై ఆయన సంతకం ఉంది. ఆ కోరిక నెరవేరలేదు. 1971 ఫిబ్రవరి 1న కొత్త ఇంజనును పరీక్షిస్తున్న తూ-16 విమానం కూలి ఆయన, సిబ్బంది మరణించారు. మాస్కోలోని నొవోదెవిచి శ్మశానంలో ఆయన్ను ఖననం చేశారు. తండ్రి గడ్డ దాగెస్తాన్‌లో మఖచ్‌కలా విమానాశ్రయానికి ఆయన పేరు పెట్టారు. తాతారులు పెద్ద సంఖ్యలో క్రిమియాకు తిరిగి రావటం 1980ల చివర్లో గాని మొదలు కాలేదు. అలూప్కాలో ఆయన పేరిట మ్యూజియం 1993లో తెరిచారు.