మూగజీవుల పక్షాన నిలిచిన వకీలు – జార్జ్ ఏంజెల్



దైవసేవకుల జీవితాలను, మిషనరీల త్యాగాలను మనం తరచుగా చదువుకుంటూ ఉంటాం. ఈసారి ఒక బాప్టిస్టు పాస్టరుగారి కుమారుడి జీవితం మీ ముందు పెడుతున్నాం. ఆయన తండ్రిలా బోధకుడు కాలేదు. వృత్తిరీత్యా వకీలు. అయితే నలభై ఏళ్లపాటు ఆయన వాదించినది ఫీజు ఇవ్వలేని, తమ బాధ నోటితో చెప్పుకోలేని కక్షిదారుల కోసం. వారు బండి లాగే గుర్రాలు, కబేళాకు పోయే పశువులు, వీధిన పడ్డ కుక్కలు, పిల్లులు.

జార్జ్ థార్న్‌డైక్ ఏంజెల్ 1823వ సంవత్సరం జూన్ 5వ తేదీన అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో, సౌత్‌బ్రిడ్జ్ అనే ఊరిలో జన్మించారు. తండ్రి పేరు కూడా జార్జ్ ఏంజెలే. ఆయన బాప్టిస్టు సంఘ కాపరి. కుమారుడు పసివాడుగా ఉండగానే ఆ తండ్రి ప్రభువునందు నిద్రించారు. తల్లి రెబెకా బడిలో పాఠాలు చెప్పి బిడ్డను పోషించింది. విధవరాలైన తల్లి, చాలీచాలని జీతం, బంధువుల ఇళ్లలో గడిచిన రోజులు – ఇదీ ఆయన బాల్యం. ఒకరి దయ మీద ఆధారపడి బ్రతకడం ఎలా ఉంటుందో ఆయన చిన్ననాడే ఎరిగినవాడు.

కష్టపడి చదివి 1846లో డార్ట్‌మత్ కళాశాలలో పట్టం పుచ్చుకున్నారు. తరువాత బోస్టన్ నగరంలో పంతులుగా పనిచేస్తూనే న్యాయశాస్త్రం చదివి, 1851లో వకీలు అయ్యారు. ఆయనతో కలిసి ప్రాక్టీసు చేసినది శామ్యూల్ సెవాల్ అనే పెద్ద వకీలు. నల్లజాతి బానిసల విడుదల కోసం కోర్టులలో పోరాడినవారిలో సెవాల్ ఒకరు. బలహీనుడికి అన్యాయం జరిగినప్పుడు చట్టం ఎలా ఆయుధమవుతుందో ఏంజెల్ ఆ పొరుగున ఉండి నేర్చుకున్నారు.

ఆ రోజుల్లో పట్టణమంటే గుర్రమే. ట్రాము లాగేది గుర్రమే, బొగ్గు బండి లాగేది గుర్రమే, మంటలార్పే బండి లాగేది గుర్రమే. ముసలిదై, కుంటిదై, ఒళ్లంతా పుండ్లు పడినా కొరడా దెబ్బలు తప్పేవి కావు. ఏంజెల్ ఇది చూసి ఊరుకోలేకపోయారు. 1864లోనే, అంటే ఏ సంఘమూ పెట్టకముందే, ఒక వీలునామా వ్రాశారు. తన తల్లి, తాను గతించిన తరువాత మిగిలిన ఆస్తిలో పెద్ద భాగాన్ని, జంతువుల పట్ల మన బాధ్యతను పిల్లలకు నేర్పే పుస్తకాలకు ఖర్చు చేయాలని అందులో కోరారు. ఆ పుస్తకాలు పంచవలసిన చోట్లలో బడులతో పాటు సండేస్కూళ్లను కూడా చేర్చారు. ఈ మాట సండేస్కూలు టీచర్లు ప్రత్యేకంగా గమనించాలి.

నాలుగేళ్లు గడిచాయి. 1868 ఫిబ్రవరి 22న బోస్టన్ దగ్గరి బ్రైటన్ నుండి వూస్టర్ వరకు 40 మైళ్ల గుర్రపు పందెం జరిగింది. రెండు గుర్రాలు, ఒక్కొక్క బండిలో ఇద్దరేసి మనుషులు. దారి బాగోలేకపోయినా ఆపకుండా తోలారు. పందెం ముగిసింది. రెండు గుర్రాలూ చనిపోయాయి. పత్రికలో ఆ వార్త చదివిన ఏంజెల్ వెంటనే బోస్టన్‌లోని ఒక దినపత్రికకు ఉత్తరం వ్రాశారు. ఇలాంటివి ఆపడానికి ఎవరైనా కలిసి వస్తే తన సమయమూ డబ్బూ ఇస్తానని బహిరంగంగా మాట ఇచ్చారు. అప్పుడాయన వయస్సు 44 ఏళ్లు. ప్రాక్టీసు బాగా సాగుతున్న కాలం.

ఆ ఉత్తరం చదివి మొదట వచ్చినవారిలో ఎమిలీ యాపిల్టన్ అనే సహోదరి ఒకరు. ఆమె అంతకు ముందు నుండే ఇలాంటి సంఘం పెట్టాలని ప్రయత్నిస్తూ ఉన్నది. మరికొందరు పెద్దలు తోడయ్యారు. అదే సంవత్సరం మార్చి నెలలో మసాచుసెట్స్ జంతుహింస నివారణ సంఘం ఏర్పడింది. ఏంజెల్ దానికి అధ్యక్షులయ్యారు. రెండేళ్ల క్రితమే, 1866లో, న్యూయార్క్‌లో హెన్రీ బెర్గ్ అనే పెద్దమనిషి ఇలాంటి సంఘం స్థాపించారు. మసాచుసెట్స్‌లో జంతువులను హింసించరాదనే చట్టం పేరుకు అంతకు ముందే ఉన్నా, పట్టించుకునేవారు లేరు. 1868లో దానికి బదులు గట్టి చట్టం వచ్చింది.

బెర్గ్ పద్ధతి వేరు. ఆయన వీధిలో నిలబడి, బరువెక్కువైన ట్రామును ఆపి, తోలేవాడిని కోర్టుకు ఈడ్చేవారు. ఏంజెల్ కూడా కేసులు పెట్టించారు గాని, ఆయన మనస్సు మరొక దారిన పోయింది. దెబ్బ పడిన తరువాత జరిమానా వేయవచ్చు. కాని ఆ చెయ్యి లేవకుండానే ఆగాలంటే ఏం చేయాలి? కొట్టేవాడు పసివాడుగా ఉన్నప్పుడే అతని హృదయంలో జాలి పుట్టించాలి. ఇదే ఆయన జీవితమంతా నమ్మిన సంగతి.

అందుకే సంఘం పుట్టిన మూడు నెలలలోపే ఒక పత్రిక తెచ్చారు. దాని పేరుకు మన మూగజీవాలు అని అర్థం. 1868 జూన్‌లో వచ్చిన మొదటి సంచిక రెండు లక్షల ప్రతులు అచ్చయింది. బోస్టన్ పోలీసులే ఇల్లిల్లూ తిరిగి వాటిని పంచారు. జంతువుల కోసమే నడిచే పత్రిక అమెరికాలో అంతకు ముందు లేదు. మరుసటి సంవత్సరం ఏంజెల్ లండన్ వెళ్లి, అక్కడ 1824 నుండి ఉన్న పెద్ద సంఘం వారిని కూడా ఇలాంటి పత్రిక పెట్టమని, స్త్రీలను ఈ పనిలోకి తీసుకురమ్మని ప్రోత్సహించారు. ఆ రెండూ జరిగాయి.

ఇంటికి తిరిగి వచ్చాక చికాగో వెళ్లారు. పశువులను రైలు పెట్టెలలో కుక్కి, రోజుల తరబడి మేత గాని నీరు గాని లేకుండా తూర్పు పట్టణాలకు తోలుకుపోవడం ఆ దేశంలో పెద్ద వ్యాపారం. కొన్ని దారిలోనే చచ్చేవి. మిగిలినవి జబ్బుపడి, జనం తినే మాంసంగా మారేవి. దీని గురించి ఏంజెల్ వ్రాశారు, ఊరూరా మాట్లాడారు. ఈ పనిలో ఉన్న అనేకుల ఒత్తిడి మీద 1873లో అమెరికా ప్రభుత్వం చట్టం చేసింది. రైలులో ఉన్న పశువులను 28 గంటలకు మించి దించకుండా ఉంచరాదు, దించి మేత, నీరు, విశ్రాంతి ఇవ్వాలి అన్నదే దాని సారాంశం. కళ్లం త్రొక్కే ఎద్దు మూతికి చిక్కం వేయరాదని మోషే ధర్మశాస్త్రంలో చదువుకున్న మనకు ఈ ఆలోచన కొత్తది కాదు.

ఆయనను వెక్కిరించినవారూ ఉన్నారు. మనుషులే ఆకలితో అలమటిస్తుంటే గుర్రాల కోసం ఏడుపేమిటని అడిగేవారు. ఈ ప్రశ్న మన సంఘాలలో ఈనాడు కూడా వినబడుతుంది, అది తోసిపుచ్చవలసిన ప్రశ్న కూడా కాదు. ఏంజెల్ దానికి తన నడవడితోనే జవాబిచ్చారు. ఆహారంలో కల్తీ మీద, ఇంటి గోడలకు అంటించే కాగితాలలోని విషపు రంగుల మీద పోరాడిన వకీళ్లలో ఆయన ముందువరుసలో ఉన్నారు. న్యూయార్క్‌లో 1874లో జరిగిన సంగతి కూడా దీనికి సాక్ష్యం. మేరీ ఎలెన్ అనే చిన్నపిల్లను పెంచిన స్త్రీ ఆమెను చితకబాదుతూ ఉంటే, విడిపించే దారి దొరకక, బీదల మధ్య పరిచర్య చేసే ఒక సహోదరి చివరకు వెళ్లినది జంతువుల కోసం పనిచేసే బెర్గ్ దగ్గరకే. ఆయన కదిలించగా ఆ పిల్ల విడుదలైంది, పిల్లల రక్షణకు ఒక ప్రత్యేక సంఘమే పుట్టింది. జాలికి ఒక వాకిలి తెరిస్తే రెండవ వాకిలి కూడా తెరుచుకుంటుంది.

1882లో ఏంజెల్, ఇంగ్లాండు నుండి వచ్చిన టిమ్మిన్స్ అనే బోధకుడితో కలిసి, దయా బృందాలు అనదగిన పిల్లల సంఘాలను అమెరికాలో ప్రారంభించారు. నోరులేని జీవులను దయగా చూస్తామని, వాటిని హింస నుండి కాపాడతామని పిల్లలు మాట ఇచ్చేవారు. చందా లేదు, కులం లేదు, తెగ లేదు. బడులలో, సండేస్కూళ్లలో ఇవి వేల కొద్దీ ఏర్పడ్డాయి. లక్షల మంది పిల్లలు చేరారు. 1889లో ఈ బోధ కోసమే దేశవ్యాప్తంగా మరొక సంస్థ పెట్టారు.

ఆ మరుసటి సంవత్సరమే ఆయన చేసిన పని లోకమంతా ఎరిగినది. ఇంగ్లాండులో అన్నా సెవెల్ అనే కుంటి స్త్రీ, గుర్రం తన కథ తానే చెప్పుకుంటున్నట్లు బ్లాక్ బ్యూటీ అనే పుస్తకం వ్రాసింది. 1877లో అది వెలువడిన కొద్ది నెలలకే ఆమె మరణించింది. అందం కోసం గుర్రం తలను బలవంతంగా పైకి ఎత్తి కట్టే పగ్గం ఎంత హింసో ఆ పుస్తకం చెబుతుంది. ఏంజెల్ 1890లో దానిని అమెరికాలో చవక ధరకు అచ్చు వేయించారు. బండ్లు తోలేవారి చేతుల్లోకి, బడిపిల్లల చేతుల్లోకి లక్షల ప్రతులు వెళ్లాయి. ఇంగ్లాండు ప్రచురణకర్తకు ప్రతిఫలం ఇవ్వకుండా అచ్చు వేశారన్నది కూడా నిజమే. ఆనాటి అమెరికా చట్టం దానిని తప్పు అనలేదు గాని, న్యాయం కోసం నిలబడిన మనిషి జీవితంలో అది ఆలోచించదగిన సంగతి.

గుర్రానికి ఒక పుస్తకం దొరికింది, మరి కుక్కకు? ఏంజెల్ సంస్థ కథల పోటీ పెట్టింది. కెనడాలోని నోవా స్కోషియాకు చెందిన మార్గరెట్ మార్షల్ సాండర్స్ అందులో గెలిచింది. ఆమె కూడా ఒక బాప్టిస్టు పాస్టరుగారి కుమార్తె. 1893లో వెలువడిన ఆ పుస్తకం పేరు బ్యూటిఫుల్ జో. పాలు అమ్మే క్రూరుడు ఒక కుక్కపిల్ల చెవులు, తోక నరికివేయగా, ఒక దయగల కుటుంబం దానిని చేరదీసి పెంచుకుంటుంది. నిజంగా బ్రతికిన ఒక కుక్క మీద ఆధారపడిన కథ ఇది. ఆ ప్రాంతపు బాప్టిస్టు సంఘాలే బొబ్బిలి, భీమునిపట్నం వైపు మన తెలుగువారి మధ్యకు మిషనరీలను పంపాయని మన పెద్దలకు తెలుసు. ఒకే విశ్వాసుల సమాజం నుండి సువార్తా వచ్చింది, ఈ జాలి కథా వచ్చింది.

ఈ బోధ ఊరికే పోలేదు. 1899లో అదే బోస్టన్‌లో అన్నా హారిస్ స్మిత్ అనే స్త్రీ, వీధిన పడ్డ కుక్కలకు, పిల్లులకు ఆశ్రయం ఇచ్చే సంఘం స్థాపించింది. ఆశ్రయం మంచిదే, అవసరమే. కాని ఎంత పెద్ద ఆశ్రయమైనా, మనుషులు పెంచుకున్న జీవులను వదిలివేస్తూ ఉంటే ఎప్పటికీ చాలదు. వీధిన పడిన ప్రతి ప్రాణి ముందు ఏదో ఒక ఇంటి గుమ్మం దాటే ఉంటుంది, లేదా దాని తల్లి దాటి ఉంటుంది. ఏంజెల్ కష్టపడినది ఆ గుమ్మం లోపల.

1909 మార్చి 16న, 85 ఏళ్ల వయస్సులో ఏంజెల్ కన్నుమూశారు. శ్మశానానికి తీసుకువెళ్లేటప్పుడు, బరువులు లాగే గుర్రాలు కళ్లేలకు నల్లని దుఃఖసూచక గుడ్డలు కట్టుకొని ఆయన వెనుక నడిచాయి. 1912లో నగరం నడిబొడ్డున ఆయన జ్ఞాపకార్థం గుర్రాలు నీరు త్రాగే తొట్టి కట్టారు.

ఆయన తరువాత 1910లో ఆ సంఘానికి అధ్యక్షులైనది ఎవరో తెలిస్తే మనకు సంతోషం కలుగుతుంది. ఆయన బోస్టన్ మొదటి బాప్టిస్టు సంఘ కాపరి ఫ్రాన్సిస్ రౌలీ. ఇంగ్లీషు ఆరాధనలలో పాడే ఐ విల్ సింగ్ ది వండ్రస్ స్టోరీ అనే కీర్తన వ్రాసినది ఆయనే. ప్రభువు కథను పాటగా వ్రాసిన చేతులే 1915లో ఏంజెల్ పేరిట జంతువుల ఆసుపత్రి తెరిచాయి. అది నేటికీ నడుస్తోంది. రౌలీగారు 1945 వరకు ఆ పనిలోనే కొనసాగారు.

ప్రియులారా, మన దేశంలో 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ఉంది. కొట్టడం, మోయలేని బరువు వేయడం మాత్రమే కాదు, పెంచుకున్న జంతువు ఆకలిదప్పులతో బాధపడేలా వదిలివేయడం కూడా ఆ చట్టం ప్రకారం నేరమే. కాని పోలీసు ప్రతి వాకిట్లో ఉండడు. తోక లాగే పిల్లవాడిని, రాయి విసిరే పిల్లవాడిని మొదట చూసేది తల్లి, తండ్రి, సండేస్కూలు టీచరు. పక్షిరాజు గూడు, తప్పిపోయిన గొఱ్ఱె, బిలాము గాడిద – ఇవన్నీ మన పాఠాలలో ఎలాగూ ఉన్నవే. పిల్లలకు ఆ పాఠం చెప్పే ఆదివారం, వాకిట్లో గిన్నెడు నీళ్లు పెట్టే పని కూడా అప్పగిద్దాం. ఆ వకీలు వీలునామాలో వ్రాసుకున్న కోరిక మన సంఘాలలోనూ కొంత నెరవేరుతుంది.