కట్నం లేని కూతురు: సిమోన్ ద బోవా

సిమోన్ ద బోవా 1908 జనవరి 9న పారిస్‌లో కలిగిన కుటుంబంలో జన్మించారు. మొదటి ప్రపంచయుద్ధం తర్వాత ఆ ఇంటి ఆస్తి కరిగిపోయింది. కూతుళ్లిద్దరికీ కట్నాలిచ్చుకోలేనని, వారే ఉద్యోగాలు చూసుకోవాలని తండ్రి తేల్చేశారు. ఫ్రాన్సులోనూ కట్నమేనా అని మనవాళ్లు ఆశ్చర్యపోవచ్చు. ఆనాడు అక్కడి కలిగిన ఇళ్లలో అది మామూలే. తండ్రికి అది తలవంపు. కూతురికి మాత్రం తలుపు తెరిచినట్లయింది.

తత్వశాస్త్ర అధ్యాపకుల కోసం జరిగే జాతీయ పోటీపరీక్షలో 1929లో, 21వ ఏట, ఆమె రెండవ స్థానంలో నిలిచారు. మొదటి స్థానం జాన్ పాల్ సార్త్ర్‌ది. ఆయన అంతకుముందు ఏడాది అదే పరీక్ష తప్పారు. పెళ్లి చేసుకోకుండానే ఇద్దరూ జీవితాంతం సహచరులుగా ఉన్నారు.

1931లో మార్సెయిలో ఉపాధ్యాయురాలిగా చేరి, తర్వాత రువాన్, పారిస్‌లలో పనిచేశారు. ఒక విద్యార్థిని తల్లి ఫిర్యాదు మీద 1943లో ఆ ఉద్యోగం పోయింది. శిష్యురాళ్లతో ఆమె నడవడిపై వచ్చిన విమర్శ న్యాయమైనదే.

మనిషి స్వభావం ముందే నిర్ణయమై ఉండదని, తాను ఎంచుకుని చేసే పనులే మనిషిని తీర్చిదిద్దుతాయని అస్తిత్వవాదం చెబుతుంది. ఈ సూత్రాన్ని ఆమె స్త్రీల బతుకుకు అన్వయించి 1949లో 'ది సెకండ్ సెక్స్' అని ఇంగ్లీషులో పేరుపొందిన గ్రంథం రాశారు. అణకువ ఆడపిల్లకు పుట్టుకతో రాదని, పెంపకం నేర్పుతుందని వాదించారు. సొంత సంపాదన లేనిదే స్వేచ్ఛ లేదన్నారు; అయితే ఆఫీసు పని, ఇంటి చాకిరీ రెండూ మోసే స్త్రీకి జీతమొక్కటే చాలదనీ గుర్తించారు. 1956లో వాటికన్ ఈ పుస్తకాన్ని నిషిద్ధ గ్రంథాల జాబితాలో చేర్చింది. ఫ్రాన్సులో భర్త అభ్యంతరం చెప్పినా భార్య ఉద్యోగం చేసే హక్కు, సొంతంగా బ్యాంకు ఖాతా తెరిచే హక్కు 1965లో గానీ రాలేదు!

మన సభ్యులు ముఖ్యంగా తెలుసుకోవలసినది 1970లో వృద్ధాప్యంపై ఆమె వెలువరించిన పెద్ద గ్రంథం. అప్పటికి ఆమెకు 62 ఏళ్లు. పని చేయగలిగినంతకాలం మనిషిని వాడుకుని, ఆ తర్వాత మూలకు నెట్టే సమాజాన్ని అందులో నిలదీశారు. పింఛను చాలకపోవడం, పలకరించేవారు లేకపోవడం, వృద్ధాశ్రమాల దుస్థితి అన్నీ చర్చించారు. ఇంట్లో ఆడవారికైతే రిటైర్మెంటు ఆర్డరే రాదు. ఆ సంగతి మన ఇళ్లలో చూస్తూనే ఉన్నాం.

1986 ఏప్రిల్ 14న ఆమె పారిస్‌లో కన్నుమూశారు. మోంపర్నాస్ శ్మశానంలో సార్త్ర్ సమాధిలోనే ఆమెనూ ఉంచారు.