పత్తి పువ్వు వెంటపడ్డ ప్రొఫెసర్

గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తి పువ్వును ఆగి చూసేవాళ్లు తక్కువ. రైతు కన్నంతా కాయ మీదే. ఆ పసుపు రేకుల్లో ఏముందో తేల్చడానికి ఏళ్లు వెచ్చించిన మనిషి తిరువెంకట రాజేంద్ర శేషాద్రి. మూలికల నాణ్యత తేల్చే ల్యాబ్‌లలో ఉద్యోగం వెతుక్కుంటున్న కెమిస్ట్రీ, ఫార్మసీ వాళ్లు ఆయన గురించి తెలుసుకోవాలి.

1900లో తమిళనాడులోని కుళిత్తలైలో పుట్టారు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో చదివి, 1929లో మాంచెస్టర్‌లో రాబర్ట్ రాబిన్సన్ దగ్గర పీహెచ్‌డీ పూర్తి చేశారు. నన్ను అడిగితే, ఆస్ట్రియాలో ఫ్రిట్జ్ ప్రెగల్ దగ్గర నేర్చుకున్న పని అంతకన్నా ముఖ్యం. కొద్ది మిల్లీగ్రాముల పదార్థంతోనే అందులో కార్బన్, హైడ్రోజన్ ఎంతెంత ఉన్నాయో లెక్కగట్టే పద్ధతి అది. ప్రెగల్‌కు 1923లో నోబెల్ తెచ్చింది అదే. బుట్టెడు పూలు ఉడికిస్తే చిటికెడు సరుకు వచ్చే పనికి ఇంతకు మించిన స్కిల్ ఏముంటుంది?

1933లో వాల్తేరు వచ్చి ఆంధ్ర యూనివర్సిటీలో చేరారు. యూనివర్సిటీ పుట్టి అప్పటికి ఏడేళ్లే. ఖరీదైన రసాయనాల కోసం ఎదురుచూడకుండా చుట్టూ దొరికే పత్తి పూలు, కానుగ, గోంగూర జాతి పూలనే ముడిసరుకు చేసుకున్నారు.

ఆ పని ఇలా సాగేది. ఎండిన రేకులను ఆల్కహాల్‌లో మరిగించి, ద్రావణాన్ని చిక్కబరిచి స్ఫటికాలు తీస్తారు. ఆమ్లంతో మరిగించి, రంగు పదార్థానికి అంటుకున్న చక్కెరను విడదీస్తారు. తర్వాత అది ఎంత వేడికి కరుగుతుందో చూస్తారు. అది ఫలానా పదార్థమే అనుకుంటే, ముందే తెలిసిన శాంపిల్‌తో కలిపి మళ్లీ కరిగిస్తారు. రెండూ ఒకటే అయితే ఉష్ణోగ్రత మారదు, వేరైతే మామూలుగా పడిపోతుంది. డిగ్రీ ల్యాబ్‌లో మనం విసుక్కుంటూ చేసిన ప్రాక్టికలే!

కె.నీలకంఠం వంటి శిష్యులతో కలిసి ఆయన పత్తి పూల నుంచి హెర్బాసిట్రిన్ తీశారు. 1942లో ఎర్ర గోంగూర జాతి పూల నుంచి హైబిసిట్రిన్ వచ్చింది. పత్తి జాతి మారితే పూలలోని పదార్థాలూ మారతాయని ఈ పనిలో కనిపించింది. మూలికల వ్యాపారంలో అసలు చిక్కు ఇక్కడే ఉంది. కాంపౌండ్ గోడ పక్కన నిటారుగా పెరిగే నరమామిడిని మనం అశోక అనేస్తాం. మందులో వాడే అశోక వేరు. రెండింటి బెరడూ పొడి చేస్తే కంటికి ఒకటే, కెమిస్ట్రీకి కాదు.

శేషాద్రి నాణ్యత పరీక్షలు చేసే ఉద్యోగి కాదు. కానీ పొడిలో ఏది ఉండాలో ముందు ఎవరో తేల్చితేనే, అది ఉందో లేదో ఇంకొకరు చూడగలరు.

యుద్ధ కాలంలో, 1942 ఏప్రిల్ 6న విశాఖ మీద జపాన్ బాంబులు పడ్డాయి. క్యాంపస్ సైన్యం చేతికి వెళ్లింది, యూనివర్సిటీ గుంటూరుకు తరలింది. శేషాద్రి కూడా ల్యాబ్ సర్దుకుని ఈ పత్తి నేలకే వచ్చారు. పరిశోధన ఆగలేదు.

1949లో ఢిల్లీ యూనివర్సిటీకి వెళ్లారు. 1960లో రాయల్ సొసైటీ ఫెలో అయ్యారు, 1963లో పద్మభూషణ్ వచ్చింది. 1975లో కన్నుమూశారు.

ఇప్పటి ల్యాబ్‌లలో హెచ్‌పీటీఎల్‌సీ ప్లేటు మీద అసలు మూలిక పక్కనే శాంపిల్‌ను నడిపి, చుక్కలు ఒకే ఎత్తులో, ఒకే వరసలో వచ్చాయా అని చూస్తారు. ఒక్క చుక్క కలిస్తే చాలదు, ఆ ఒక్క పదార్థాన్నీ కొని కలిపేసేవాళ్లున్నారు. పోల్చడానికి వాడే స్వచ్ఛమైన పదార్థాలను రిఫరెన్స్ స్టాండర్డ్స్ అంటారు. కేటలాగ్ తెరిస్తే హెర్బాసిట్రిన్ నుంచి చక్కెర తీసేయగా మిగిలే హెర్బాసెటిన్ కనిపిస్తుంది, మిల్లీగ్రాముల లెక్కన అమ్మకానికి.