ఎంజైమ్‌ను బోల్తా కొట్టించిన యల్లాప్రగడ

పదమూడేళ్ల కుర్రాడొకడు కాశీకి పోయి యాత్రికులకు అరటిపండ్లు అమ్ముకుంటే బోలెడు డబ్బు వస్తుందని ఇంట్లోంచి పారిపోయాడు. తల్లి వెంకమ్మ వెతికి పట్టుకొచ్చి మళ్లీ బడికి పంపింది. మెట్రిక్యులేషన్ మూడోసారికి గానీ గట్టెక్కలేదు. ఆయనే యల్లాప్రగడ సుబ్బారావు. 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. మీ జీకే పుస్తకంలో ఆయన పేరు పక్కన ఒక్క లైను ఉంటుంది. బయోకెమిస్ట్రీ, ఫార్మసీ, డీఎంఎల్‌టీ, వెటర్నరీ చదివేవాళ్లకు ఆ లైను చాలదు. ఎంజైమ్‌ల పాఠంలో సగం ఆయన జీవితంలోనే దొరుకుతుంది మరి.

ముందు ఆ అరటిపండు సంగతే చూద్దాం. పులివెందుల వైపు తోటలున్నవాళ్లకు తెలిసిందే. కాయలో ఉండే పిండిపదార్థం మాగేసరికి చక్కెర అవుతుంది. ఆ పని చేసేవి అమైలేజ్ లాంటి ఎంజైమ్‌లు. గెలను చల్లటి గదిలో పెడితే మాగడం నెమ్మదిస్తుంది, వెచ్చగా ఉంచితే త్వరపడుతుంది. అలాగని వేడి పెంచుకుంటూ పోతే కుదరదు. ఎంజైమ్ అంటే దాదాపుగా ప్రొటీనే కదా, ఒక హద్దు దాటాక మడతలు విడిపోయి ఆకారం చెడుతుంది, ఇక పనికి రాదు. కోసిన ముక్క నల్లబడకుండా నిమ్మరసం పిండుతాం. పులుపు పెరిగితే, అంటే పీహెచ్ తగ్గితే, నల్లబరిచే ఎంజైమ్ మందగిస్తుంది.

ఆకారానికి అంత విలువ ఎందుకంటే, ఎంజైమ్ ప్రొద్దుటూరు నగల పనివాళ్ల అచ్చులాంటిది. సరిగ్గా సరిపోయే ముక్కే అందులో కూర్చుంటుంది, రూపు మారి బయటికి వస్తుంది. అచ్చు మాత్రం అరగదు, తర్వాతి ముక్కకు సిద్ధం. దీన్ని గుర్తుపెట్టుకోండి, సుబ్బారావు చివరి పని అంతా ఈ అచ్చు చుట్టూనే తిరుగుతుంది.

మద్రాసు మెడికల్ కాలేజీలో చదివేటప్పుడు ఆయన గాంధీ పిలుపు విని ఖద్దరు వేసుకున్నారు. సర్జరీ ప్రొఫెసర్‌కు అది నచ్చలేదు. రాతపరీక్షల్లో బాగానే రాసినా పూర్తి ఎంబీబీఎస్ బదులు ఎల్ఎంఎస్ అనే తక్కువ స్థాయి పట్టా చేతికొచ్చింది. ఇంట్లో అంతకన్నా పెద్ద దెబ్బ: ఇద్దరు అన్నదమ్ములు రోజుల తేడాలో స్ప్రూ వ్యాధితో పోయారు. తిన్నది ఒంటపట్టక, రక్తం తగ్గి మనిషి నీరసించిపోయే జబ్బు అది.

1922లో, మామగారి సాయంతో, కాకినాడ వైపు ఒక ధర్మనిధి ఇచ్చిన డబ్బుతో బోస్టన్ చేరారు. ఎల్ఎంఎస్‌తో అక్కడ డాక్టరుగా పని దొరకలేదు. పొట్ట గడవడానికి ఒక ఆస్పత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్రాల పాత్రలు కడిగారు. పగలు హార్వర్డ్‌లో చదువు.

అక్కడే సైరస్ ఫిస్కే దగ్గర పనిచేస్తూ 1925లో రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి ప్రచురించారు. ఫాస్ఫేట్‌కు మాలిబ్డేట్ కలిపి, దాన్ని క్షయకరణం చేస్తే నీలిరంగు వస్తుంది. నీలం ఎంత ముదిరితే ఫాస్ఫేట్ అంత ఎక్కువ. ఇంతేనా అనిపిస్తుందేమో. కానీ ఫాస్ఫేటేజ్, ఏటీపీయేజ్ లాంటి ఎంజైమ్‌లు పని చేసినప్పుడు విడిపోయేది ఫాస్ఫేటే. నిమిషానికి ఎంత విడిపోయిందో తెలిస్తే ఎంజైమ్ ఎంత చురుగ్గా ఉందో తేలిపోతుంది. ల్యాబుల్లో దశాబ్దాలపాటు అలాగే కొలిచారు. ఈనిన గేదెకు మూత్రం ఎర్రగా వస్తే రక్తంలో ఫాస్ఫరస్ తగ్గిందేమో చూడాలి కదా, ప్రొద్దుటూరు వెటర్నరీ కాలేజీ విద్యార్థులు ఆ పరీక్ష వెనక ఉన్న రసాయనం ఎవరిదో ఇకనుంచి మర్చిపోరు.

కండరాన్ని పరీక్షిస్తున్నప్పుడు వాళ్లకు ఒక చిక్కు ఎదురైంది. నీలిరంగు ఒక్కసారిగా రాకుండా, మెల్లమెల్లగా ముదురుతోంది. కొలతలో ఏదో తేడా వచ్చిందని వదిలేసేవాళ్లే ఎక్కువ. వీళ్లు వదల్లేదు. ఏదో అస్థిరమైన పదార్థం విరిగిపోతూ ఫాస్ఫేట్‌ను వదులుతోందని పట్టుకున్నారు. అదే 1927 నాటి ఫాస్ఫోక్రియాటిన్. 1929లో కండరం నుంచి ఏటీపీని వేరుచేశారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా. ఒంట్లో ఎన్నో ఎంజైమ్‌లు తమంతట తాము జరపలేని పనికి ఈ ఏటీపీ ఇచ్చే శక్తినే వాడుకుంటాయి.

ఇంత చేసినా హార్వర్డ్ ఆయనకు శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో న్యూయార్క్ దగ్గరి పెర్ల్ రివర్‌లో లెడర్లీ మందుల కంపెనీలో చేరారు. నా లెక్కలో ఆయన అసలు పని అక్కడే జరిగింది. 1945లో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసింది. స్ప్రూకు అది మందయింది, అన్నదమ్ములు పోయిన పాతికేళ్లకు.

ఇక్కడ అచ్చు దగ్గరికి వద్దాం. ఎంజైమ్‌లలో చాలావాటికి విటమిన్ సాయం కావాలి. కణం రెండుగా చీలాలంటే డీఎన్ఏ కావాలి, దానికి ఫోలిక్ యాసిడ్ కావాలి. బ్లడ్ క్యాన్సర్ కణాలు ఆగకుండా చీలుతుంటాయి. మరి ఫోలిక్ యాసిడ్ లాగే కనిపించే నకిలీ ముక్కను అచ్చులో దూరిస్తే? బోస్టన్‌లో పిల్లల క్యాన్సర్ చూసే సిడ్నీ ఫార్బర్‌కు అలాంటిదే కావాల్సి వచ్చింది. లెడర్లీ రసాయన శాస్త్రవేత్తలు ఒక్కచోట హైడ్రాక్సిల్ తీసి అమైనో పెట్టి అమైనోప్టెరిన్ చేశారు. అది వెళ్లి అచ్చులో బిగుసుకుంటుంది, ఎంతకీ రాదు. డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్ అనే ఆ ఎంజైమ్‌కే మందు తగులుతోందని తేలడానికి ఇంకా కొన్నేళ్లు పట్టింది. ఇంటర్వ్యూలో పోటీ నిరోధకానికి ఉదాహరణ అడిగితే ఇదే చెప్పండి.

1948 జూన్‌లో ఫార్బర్ ఫలితాలు ప్రచురించారు. 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు కొన్నాళ్లు వెనక్కి తగ్గింది. అంతకుముందు ఆ జబ్బుకు మందన్నదే లేదు. రెండు నెలలకే, ఆగస్టులో, 53 ఏళ్ల సుబ్బారావు నిద్రలోనే పోయారు. దేశానికి తిరిగి రానేలేదు.

దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్ ఇప్పటికీ వాడుకలో ఉంది. క్యాన్సర్‌కే కాదు, కీళ్లవాతానికి కూడా. జమ్మలమడుగులో మెడికల్ షాపు కౌంటర్ వెనక కూర్చునే ఫార్మసీ విద్యార్థి ఒక చీటీలో ఈ మాత్రా, ఫోలిక్ యాసిడ్ మాత్రా రెండూ పక్కపక్కన చూడొచ్చు. ఒకటి అడ్డుకునేది, రెండోది దాని దుష్ప్రభావాలను తగ్గించేది. కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే. రోజూ వేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది, అందుకే ఏ వారమో కవర్ మీద రాసి మరీ ఇవ్వాలి.